ముందుకు జరిగిన విమానం

ఆమె అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆసుపత్రి లాండ్రీలో అందరికీ ఆమె గడియారమ్మే. షిఫ్టు మొదలయ్యేటప్పటికి మిగతావాళ్లు ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఆవులింత పట్టుకుని వస్తుంటే, ఈవిడ అప్పటికే తలకి గుడ్డ కట్టుకుని, రోలర్ వేడెక్కిందో లేదో చూస్తూ నిలబడి ఉంటుంది. రోలర్ అంటే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఉండే ఇనప గొట్టం. లోపల ఆవిరి తిరుగుతూ ఉంటుంది. తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని ఇద్దరు మనుషులు అందిస్తే అవతలి వైపు నుంచి ఎండి, మడత లేకుండా బయటికొస్తుంది. ఒక్కరే అందిస్తే వంకర పోయి గొట్టానికి చుట్టుకుంటుంది. అందుకని అక్కడ జోడీ లేనిదే పని జరగదు. గడియారమ్మ జోడీని అందరూ పొడుగమ్మ అంటారు. ఆవిడ పొట్టిది కాబట్టి.

ఆ హాల్లో మోత ఎలాంటిదంటే, పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినబడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా చెవులు పక్కనపెట్టి పెదవులు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకున్నారు. అటు చివర పొడుగమ్మ పెదవులు కదిలిస్తే, ఆవిడ అడిగేది టీ సంగతో, సూపర్వైజర్ మీద చాడీయో ఇటు చివర గడియారమ్మకి తెలిసిపోతుంది.

అంత వేళ పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే ఆమె నవ్వేస్తుంది. వచ్చింది అక్క నుంచి. చిన్నప్పుడు అమ్మ తెల్లవారకుండానే పనికి వెళ్లిపోయేది. నాన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకునేవాడు. చెల్లెల్ని లేపి, మొహం కడిగించి బడికి తోలే బాధ్యత ఆరేళ్లు పెద్దదైన అక్కది. ఆ అక్కకి బుజ్జగించడం చేతకాదు. గుమ్మంలో నిలబడి "లేవే మొద్దూ, పొద్దెక్కింది!" అని ఒక్క అరుపు అరిచేది. ఇంట్లో నాన్న, వీధిలో కుక్కలు, పక్కవాటాలో పసిపిల్లాడు అందరూ లేచేవాళ్లు. చివర్లో ఈమె లేచేది. పెళ్లిళ్లయి ఇద్దరూ చెరో ఊళ్లో పడ్డాక కూడా, తెల్లారుజామున ఆ అరుపు చెవిలో మోగితేనే ఈమెకి మెలకువ వస్తుంది. అలారం పెట్టుకోవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

ఆ గొంతులోనే ఇప్పుడు గడ్డ లేచింది. సోమవారం పొద్దున్న ఆపరేషన్. గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేస్తామని డాక్టర్లు చెప్పేశారు. మనిషి దక్కుతుంది, మాట దక్కదు. అప్పటికే ఆ మాట సగం పోయింది. ఫోన్లో వింటే కాగితాన్ని నేలకేసి రుద్దినట్టు ఉంటోంది, ఒక్క ముక్క అర్థం కాదు. దగ్గర కూర్చుని చెవి ఒగ్గితేనే తెలుస్తుందట. మధ్యలో బావగారు దుబాసీ పని చేసేవారు కానీ, ఆయన దుబాసీతనం దండగ. అక్క అయిదు నిమిషాలు ఆయన చెవిలో ఏదో రొద పెడితే, ఈయన ఫోన్లోకి వచ్చి "బాగానే ఉన్నానంటోందమ్మా" అని ముగించేవారు.

అందుకని గడియారమ్మ వెళ్లి తీరాలనుకుంది. ఆ గొంతు పోకముందు ఒక్కసారి దగ్గర కూర్చుని వినాలి. వీలైతే రెండు తిట్లు తిట్టించుకుని రావాలి. ఆమె కోరిక అంతే, అంతకంటే పెద్దదేం కాదు.

సెలవు దొరకడమే గగనమైంది. శని, ఆదివారాలు పొడుగమ్మ ఇంకెవర్నో బతిమాలి జోడీగా తెచ్చుకుని నెట్టుకొస్తానంది. సోమవారం మాత్రం ఆ మనిషి ఉండదు, నువ్వు రాకపోతే వార్డుల్లో జనం దుప్పట్లు లేకుండా పడుకోవాల్సిందేనంది. బస్సులో వెళ్తే పోను ఒక రోజు, రాను ఒక రోజు. ఇక అక్కని చూసేదెప్పుడు? బావగారే టికెట్ తీశారు, శనివారం పొద్దున్న విమానంలో పోను, ఆదివారం సాయంత్రం విమానంలో రాను. ఆదివారం సాయంత్రానికి అక్క ఎలాగూ ఆసుపత్రిలో చేరాలి. అక్కడ తోడుగా ఒక్కర్నే ఉండనిస్తారు. అక్కని ఆటో ఎక్కించి, తను అటు నుంచి అటే విమానాశ్రయానికి వెళ్లిపోవచ్చు. దాదాపు రెండు రోజులు చేతిలో ఉంటాయి. గడియారమ్మ లెక్క తప్పదని లాండ్రీలో అందరూ అంటారు. ఆమె కూడా అదే నమ్మింది.

విమానాల వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.

గురువారం బావగారి ఫోన్ మీదుగా మొదటి మెసేజ్ వచ్చింది. పొద్దున్న విమానం మధ్యాహ్నానికి మారిందట, అసౌకర్యానికి చింతిస్తున్నారట. సరే, పూట పోయింది, ఒకటిన్నర రోజు మిగిలిందిలే అనుకుంది. శుక్రవారం రెండోది వచ్చింది. మధ్యాహ్నం విమానం సాయంత్రానికి మారిందట, మళ్లీ చింతిస్తున్నారట. ఇంత తీరిగ్గా చింతించేవాళ్లని ఆమె ఎక్కడా చూడలేదు. కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే ఒక మర సంగీతం వినిపించింది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అన్నం వండింది, గిన్నెలు తోమింది, బట్టలు సర్దుకుంది. చివరికి మనిషి గొంతు వచ్చి, మీ బాధ అర్థమైందండీ అని చెప్పి పెట్టేసింది.

శనివారం సాయంత్రం విమానాశ్రయంలో గాజు గోడ పక్కన కూర్చుంది. గోడ మీద బోర్డులో తన విమానం ఎదురుగా ఉన్న వేళ, చూస్తుండగానే మారిపోయింది. కాసేపటికి మళ్లీ మారింది. కౌంటర్లో అమ్మాయి చిరునవ్వు చెరగకుండా "అటు నుంచి రావాల్సిన విమానం ఇంకా రాలేదమ్మా" అంది. "నేనొచ్చి మూడు గంటలైంది కదమ్మా, అదెందుకు రాలేదు?" అని అడిగింది గడియారమ్మ. కోప్పడదామంటే ఆ పిల్ల కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి. ఎవర్ని తిట్టాలో తెలియని కోపంతో మనిషికి వచ్చే నీరసం మామూలుది కాదు. వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూలబడింది.

అక్క ఇంటికి చేరేసరికి అక్క మందు వేసుకుని నిద్రపోయింది. బావగారు తలుపు తీసి, వేలు పెదవుల మీద పెట్టి, సైగతోనే లోపలికి రమ్మన్నారు. మనిషి సగమైపోయి గోడ వైపు తిరిగి పడుకున్న అక్కని గుమ్మంలోంచే చూసి, హాల్లో పరుపు మీద వాలిపోయింది. శనివారం అలా గాలికి పోయింది.

ఆదివారం తెల్లారుజామున ఎప్పట్లాగే చెవిలో అరుపు వినబడి మెలకువ వచ్చింది. కళ్లు తెరిస్తే ఆ అరుపు తాలూకు మనిషి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. మెడకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఒక చేతిలో స్టీలు గ్లాసు, ఇంకో చేతిలో చెంచా.

"ఇదేంటక్కా?"

అక్క చెంచాతో గ్లాసు మీద ఒక్కసారి కొట్టింది. వంటింట్లోంచి బావగారు వచ్చి వివరం చెప్పారు.

"మాట్లాడితే వాపు పెరుగుతుందన్నారమ్మా డాక్టరు. అందుకని నేనే ఈ ఏర్పాటు చేశా. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. ఎలా ఉంది?"

అక్క రెండుసార్లు కొట్టింది. గడియారమ్మ పకపకా నవ్వింది, వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్క దగ్గరికి జరిగి, చెల్లెలి చెవి పట్టుకుని తన నోటి దాకా లాక్కుంది. ఊపిరే తప్ప గొంతు లేదు.

"ఇప్పుడు కాదే. మధ్యాహ్నం కాస్త పడుకుని లేస్తే గొంతు తేటపడుతోంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. నీకొక మాట చెప్పాలి. ఎవరితోనూ అన్లేదు."

"ఏంటక్కా అది?"

అక్క రెండుసార్లు కొట్టింది.

మధ్యాహ్నమేగా అనుకుంది గడియారమ్మ. ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమే అయినట్టు మనసు దాని చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలు బయటికి తీసి ఇస్త్రీ చేసింది. వార్డులో ఇచ్చే దుప్పటి ఎంత గరుకుగా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకని ఇంటి దుప్పటి ఒకటి మెత్తగా మడిచి సంచిలో అడుగున పెట్టింది.

పదకొండు ప్రాంతంలో బావగారి ఫోన్ మోగింది. టికెట్ ఆయన ఫోన్లో తీసింది కాబట్టి కబుర్లన్నీ ఆయనకే వస్తాయి. అప్పుడాయన మందుల కోసం బయటికి వెళ్తూ చెప్పుల్లో కాళ్లు దూరుస్తున్నారు. మెసేజ్ చదివి, గుమ్మంలోంచే కేకేశారు.

"అమ్మాయ్! నీ విమానం మూడు గంటలు ముందుకు జరిపారట!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ అక్కచెల్లెళ్ల నాన్నకి గోడగడియారాల పిచ్చి. ఇంట్లో ఉన్న గడియారం రోజూ వెనకబడేది. ఆయన రోజూ కుర్చీ ఎక్కి ముల్లు ముందుకు జరిపేవాడు. ముల్లు ముందుకు జరిగితే పది కాస్తా పదిన్నర అవుతుంది. కాబట్టి ఆ ఇంట్లో పుట్టినవాళ్లకి ముందుకు జరగడమంటే ఆలస్యం కావడం. బావగారి సంగతి వేరు. ఆయన పాతికేళ్లు పళ్ల డాక్టరు గదిముందు కూర్చుని రోగుల్ని వరసగా లోపలికి పంపిన మనిషి. "మీ నంబరు ముందుకు జరిగిందండీ" అని ఆయన అంటే, దవడ పట్టుకుని కూర్చున్నవాళ్లు లేచి దణ్ణం పెట్టేవాళ్లు. ఆయన లెక్కలో ముందుకు జరగడమంటే తొందరగా కావడం. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఈ తేడా ఎప్పుడూ బయటపడలేదు. బయటపడటానికి ఈ రోజునే ఎంచుకుంది.

"అయితే మంచిదే కదా బావగారూ!" అంది గడియారమ్మ, మొహమంతా వెలుగుతో. వెళ్లడం ఇంకో మూడు గంటలు ఆలస్యమైతే, అక్కతో ఆసుపత్రి దాకా వెళ్లొచ్చు.

మంచం మీద నుంచి అక్క కూడా టంగుమని గ్లాసు మోగించింది.

బావగారి మొహం మాడిపోయింది. తోడబుట్టినదాన్ని చూడటానికి వచ్చి, తొందరగా పోవడం మంచిదేనంటుందేమిటి ఈ పిల్ల? దానికి ఈవిడ తాళం వెయ్యడమొకటి! తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయారు. ఆయన మందుల షాపులో నిలబడి ఎంత నొచ్చుకున్నారో ఇద్దరికీ తెలియదు.

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని పడుకుంది. గొంతు దాచుకోవడానికి పడుకుంది. చెల్లెలు మంచం పక్కన కింద కూర్చుని, ఆ చెయ్యి విడిపించుకోకుండా, మంచం అంచుకి తల ఆనించింది. ప్రయాణం బడలిక ఒక్కసారిగా మీద పడింది. గడియారమ్మ జన్మలో మొదటిసారి వేళ చూసుకోకుండా నిద్రపోయింది.

తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచేసరికి మధ్యాహ్నమైంది, బావగారు మందుల సంచితో గుమ్మంలో కొయ్యబారి ఉన్నారు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటమ్మా? వెళ్లిపోయి ఉంటావనుకుంటున్నా!"

"అదేంటి బావగారూ, ముందుకు జరిపారన్నారుగా?"

"అందుకేగా అడుగుతున్నా! ముందుకు జరిపారు. సాయంత్రంది రద్దు చేసి నిన్ను ముందు విమానంలో పడేశారు. ఇప్పుడు బయల్దేరినా అందుతుందో లేదో!"

అక్క మంచం మీద లేచి కూర్చుంది. మొగుడి వైపు చూసింది, చెల్లెలి వైపు చూసింది. విషయం అర్థమైంది. పొద్దుటి నుంచి దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికి తోడేసింది.

"ఏమయ్యా! ముందుకంటే తొందరగా అని నీకెవరు చెప్పారయ్యా? మనుషులు పళ్లు పీకించుకోవడానికి వరసలో కూర్చున్నారా ఇక్కడ? తొందరగా అని ఏడిస్తే నోరరుగుతుందా?"

బొంగురుగా, చీలిపోయి, సగం మాటలు గాలిగా పోతూ వచ్చింది ఆ గొంతు. అయినా అది అక్క గొంతే. బావగారు మందుల సంచి గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. అక్క చెల్లెలి మీదికి తిరిగింది.

"నువ్వో! గడియారమ్మనని పేరొకటి! ఎన్నింటికని అడగాలని తెలీదుటే మొద్దు మొహమా? లే! చూస్తావేంటి, సంచి తీసుకో! సోమవారం పనికి పోవద్దూ? ఆ పొట్టిదెవరో ఒక్కతే చస్తుంది అక్కడ! లేవే మొద్..."

అక్కడితో తెగిపోయింది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నోరు తెరిస్తే ఊపిరి కూడా చప్పుడు చెయ్యలేదు.

తిట్టించుకోవాలని వచ్చింది, తిట్టించుకుంది. ఇలా తీరుతుందని మాత్రం అనుకోలేదు. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూస్తే, అక్క గోడ పట్టుకుని నడిచొచ్చింది. ఏదో చెప్పబోయింది. పెదవులు చూసి మాట పట్టడం గడియారమ్మకి వెన్నతో పెట్టిన విద్య. కానీ అక్కకి మళ్లీ దగ్గొచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తువ్వాలు తీసేసరికి కింద టాక్సీ వాడు హారన్ మోగిస్తున్నాడు, బావగారు "పదమ్మా పద" అని తొందర పెడుతున్నారు.

దారి పొడుగునా ఆ తువ్వాలే కళ్ల ముందు ఆడింది.

విమానాశ్రయంలో పరుగెత్తుకుంటూ వెళ్లింది. వయసుని మరిచిపోయి, సంచి మోకాళ్లకి కొట్టుకుంటుంటే, వరసలో ఉన్నవాళ్లని ఒక్కొక్కర్నే బతిమాలుకుంటూ లోపలికి వెళ్లి పడింది. గేటు ముందు జనం నింపాదిగా కూర్చుని ఉన్నారు. కొందరు కాళ్లు చాపుకుని కునుకు తీస్తున్నారు. గోడ మీద బోర్డు చూసింది.

విమానం వేళ మళ్లీ మారింది. ఎక్కాల్సిన విమానం ఇంకా ఇటు రాలేదట. ఇప్పుడిది బయల్దేరేది సాయంత్రం, రద్దు చేసిన విమానం మొదట్లో ఎప్పుడు బయల్దేరాలో దాదాపు అప్పుడే.

గడియారమ్మకి కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. అక్క పక్కన గడపాల్సిన ఆ కాసిని గంటల్నీ లెక్కప్రకారం ఆమెకి తిరిగిచ్చేశారు, ఇక్కడ ఇనప కుర్చీలో కూర్చుని గడపమన్నారు. వెనక్కి వెళ్లి వద్దామా అంటే పోను, రానే సరిపోతుంది. పైగా ఈలోగా ఇంకోసారి ముందుకో వెనక్కో జరిపితే? గాజు గోడ అవతల ఖాళీగా ఉన్న నేల వైపు చూస్తూ ఏడ్చింది. పక్కాయన పేపరు కాస్త అడ్డంగా పెట్టుకుని చూడనట్టు నటించాడు. మంచివాడు.

చేరానని చెప్పాలి కదా. ఫోన్ చేసింది. బావగారు ఎత్తి, ఆసుపత్రికి ఇంకా బయల్దేరలేదని, అక్క మాట పూర్తిగా పడిపోయిందని, అంతా తన వల్లేనని ఏడుపు గొంతుతో అన్నారు.

"మీ తప్పేం లేదు బావగారూ. అక్క చెవి దగ్గర పెట్టండి." గొంతు సవరించుకుంది. "అక్కా, నేనే. విమానం అందిందక్కా. ఎక్కేశాను. కిటికీ పక్క సీటు. ఇదుగో, బయల్దేరుతోంది. నువ్వేం బెంగ పెట్టుకోకు."

సరిగ్గా అప్పుడే తల మీద మైకు గరగరమంది. ఫలానా ఊరికి వెళ్లవలసిన విమానం ఆలస్యమగుచున్నది, ప్రయాణికులు గేటు వద్దనే వేచి ఉండవలసినదని, చింతిస్తున్నామని, రెండు భాషల్లో తీరిగ్గా చెప్పింది. అరచెయ్యి ఫోన్ మీద అడ్డం పెట్టింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఫోన్‌ని ఇంకా గట్టిగా చెవికి ఆనించుకుంది. తర్వాత వినబడింది.

టంగ్. టంగ్.

కాదు.

"కాదక్కా," అంది గడియారమ్మ, ఇక దాచలేక. "ఎక్కలేదు. సాయంత్రం దాకా ఇక్కడే. నీ దగ్గర ఉండాల్సింది."

టంగ్.

ఇన్నేళ్లూ అక్క మాట్లాడితే తను ఊకొట్టింది. ఇప్పుడు మాటలన్నీ తన వైపు మిగిలాయి, ఊకొట్టడం అక్క వంతైంది.

"గుమ్మం దగ్గర ఏదో అనబోయావు. పొద్దున్న చెప్తానన్న మాటేనా?"

టంగ్.

"నా ఆరోగ్యం జాగ్రత్తనా?"

టంగ్. టంగ్.

"బావగార్ని చూసుకోమనా?"

టంగ్ టంగ్. ఈసారి కాస్త విసురుగా. బావగారు పక్కన ముక్కు చీదుకోవడం వినిపించింది.

గడియారమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోతూ కూడా తన చెయ్యి వదలని ఆ పిడికిలి గుర్తొచ్చింది. అప్పుడు అంత గట్టిగా ఎందుకు పట్టుకుందా అనుకుంది కానీ, అక్క గురించి అలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుందా? వీధి మొత్తాన్ని లేపిన మనిషి.

"అక్కా... భయమేస్తోందనా?"

లైను తెగిందేమోనని ఫోన్ తీసి చూసుకుంది. తెగలేదు. మళ్లీ చెవికి ఆనించుకుంది.

టంగ్.

అది ఎంత చిన్నగా మోగిందంటే, లాండ్రీ మోతలో పనిచేసే ఆ చెవులకి అందడమే ఆశ్చర్యం.

"నాకూ భయంగానే ఉందక్కా," అంది. "విను. రేపు ఆపరేషన్ అయ్యాక నిన్ను లేపాలి కదా, డాక్టర్లు లేపితే నువ్వు లేవవు, నాకు తెలుసు. బావగారు నీ చెవి దగ్గర ఫోన్ పెడతారు. నేను రోలర్ ఆపించేసి, గుమ్మం బయటికొచ్చి అరుస్తా. లేవే మొద్దూ, పొద్దెక్కిందీ అని."

నిజంగానే అరిచింది. కునుకు తీస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడి లేచి, విమానం వచ్చిందేమోనని సంచులు అందుకున్నారు. పేపరాయన పేపరు దించి చూశాడు. కౌంటర్లో ఉన్నవాళ్లు తల తిప్పారు. ఎవరినీ పట్టించుకోకుండా గడియారమ్మ ఫోన్ని చెవికి అదిమి పట్టుకుంది.

"లేస్తావా?"

టంగ్.